పది అడుగులు చూసి తేల్చకండి

మంగళవారం నాడు జంగారెడ్డిగూడెం దగ్గరి గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి గుడి కిటకిటలాడుతుంది. ప్రదక్షిణలు చేసేవారిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మనిషి ఒకరుంటే, మొదటి రెండు చుట్లలో పోల్చుకోవడం కష్టం. నాలుగో చుట్టుకు ఒక కాలు బరువెక్కుతుంది. పాదం ముందుభాగం లేవక బొటనవేలు బండకు గీసుకుంటుంది. అలాంటివారి చెప్పుల జత తిప్పి చూస్తే ఒకదానికే ముందు అంచు అరిగి ఉంటుంది.

చూసేవాళ్లు మాత్రం తాగి తూలుతున్నాడంటారు. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు. పొద్దున బాగానే నడిచావుగా అని నిలదీస్తారు.

పొద్దున బాగానే నడిచిన మాట నిజమే. ఈ జబ్బు తీరే అంత. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాలకు కరెంటు తీగ తొడుగులాంటి మైలిన్ పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. సినీనటి సమంత 2022లో తనకు ఉందని చెప్పిన మయోసైటిస్ వేరు, అందులో వాపు కండరానికే వస్తుంది. ఇక్కడ కండరానికి అందాల్సిన కబురు దారిలోనే సన్నగిల్లుతుంది. నడిచేకొద్దీ ఇంకా తగ్గి, కాసేపు కూర్చుంటే మళ్లీ కొంత అందుతుంది. ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ.

వేడి దీనికి పెద్ద శత్రువు. ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా చాలు, కొందరికి కాళ్లు మొరాయిస్తాయి. మే నెల ఎండలో జంగారెడ్డిగూడెం బస్టాండు నుంచి బజారు దాకా నడవడం వాళ్లకు ఎంత పనో ఊహించండి. అందుకే దుకాణదారులకు మొదటి మనవి: ఫ్యాను కింద ఒక కుర్చీ వేసి ఉంచండి, కారణం అడగకుండా కూర్చోనివ్వండి. కండక్టర్లూ, ఆ మనిషి సీట్లో కూర్చున్నాకే రైట్ చెప్పండి. పొగాకు పండించే ఊళ్లో ఈ మాట అనడం కష్టమే అయినా అనక తప్పదు: సిగరెట్ తాగితే ఈ జబ్బు ముదరడం వేగమవుతుంది.

అలాగని మంచానికి అప్పగించడం మంచిది కాదు. ఒకప్పుడు డాక్టర్లే వ్యాయామం వద్దనేవారు. వాడని కండ కరిగి, ఉన్న బలహీనతకు మరొకటి తోడవుతుందని ఇప్పుడు తెలుసు. చల్లటి పొద్దుటిపూట కొంచెం నడక, కొంచెం విశ్రాంతి, మళ్లీ నడక. పాదం వాలిపోకుండా పట్టీ, ఫిజియోథెరపీ మేలు చేస్తాయి. ఫాంప్రిడిన్ మాత్రలతో మూడోవంతు మందికి నడక వేగం పెరుగుతుంది, అయితే ఫిట్స్ ఉన్నవారికి అవి పనికిరావు, డాక్టరు చెబితేనే వాడాలి.

ఊళ్లలో వైద్యం చేసేవారికి ఒక మాట. పాతికేళ్ల పిల్లకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నా, ఒక కన్ను కొన్నాళ్లు మసకబారినా, నరాల బలహీనత అంటూ బలం ఇంజెక్షన్లతో నెలలు గడపకండి. నరాల డాక్టరు దగ్గరికి పంపండి. ఎమ్మారై తీసి, మందులు త్వరగా మొదలుపెడితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం అని రాస్తేనే చాలా హక్కులు దక్కుతాయి. ఆ సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరాల్లో కూర్చునే డాక్టర్లకు చివరి మనవి ఇదే. కుర్చీలో సేదతీరి లేచిన మనిషి గది ఈ చివర నుంచి ఆ చివరికి చక్కగానే నడుస్తారు. ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది. బయట వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, ఆఖరి నిమిషంలో ఆ పాదం ఎలా పడుతోందో చూసి రాయండి.