రేవులో మేస్త్రీ పోయాడు, రోడ్డు మీద యాప్ వచ్చింది

విశాఖ రైల్వే స్టేషన్ వెలుపల, రాత్రి పదకొండు గంటల వేళ, గాజువాకకో మధురవాడకో వాహనం కోసం ఫోను పట్టుకొని నిలబడిన ప్రయాణికునికి వినిపించే ప్రశ్నలు రెండే. ఎక్కడికి వెళ్లాలి? డబ్బు చేతికిస్తారా, ఆన్‌లైన్‌లోనా? జవాబు నచ్చకపోతే అవతల ఫోను ఆగిపోతుంది. తెర మీద మరొక పేరు వస్తుంది. నిరీక్షణ మళ్లీ మొదటికి వస్తుంది. ప్రయాణికుడు డ్రైవరును తిట్టుకుంటాడు. అంతకుముందు పొద్దంతా, వెళ్లి నిలబడిన తర్వాత రైడు రద్దు చేసిన ప్రయాణికులను డ్రైవరు తిట్టుకొని ఉంటాడు. ఇద్దరి కోపమూ న్యాయమైనదే, గురి మాత్రం తప్పింది. ధర నిర్ణయించినవారు, ఇద్దరినీ కలిపినవారు, ఆ కలయిక మీద సంపాదించేవారు ఆ రోడ్డు మీద లేరు.

వక్ఫ్ ఆస్తుల గురించి, రిజర్వేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి రాసే మేము క్యాబుల జోలికి ఎందుకు వెళ్తున్నామని కొందరు అడగవచ్చు. నెల జీతపు ఉద్యోగాలలో ముస్లింల వాటా ఎంత పలుచనో, స్వయం ఉపాధి మీద వారు ఎంతగా ఆధారపడి ఉన్నారో 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. చదువు ఆగిపోయిన కొడుకుకు వాయిదాల మీద ఆటోనో కారో కొనివ్వడం మన కుటుంబాలకు తెలిసిన దారి. ఈ నగరంలో ఒక తరం పోర్టును, షిప్‌యార్డును, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని బతికింది. ఆ కర్మాగారంలో వాటాల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. 2025లో కాంట్రాక్టు కార్మికులను పెద్ద సంఖ్యలో ఇంటికి పంపారు. తలుపులు మూసుకుంటున్న నగరంలో యువకునికి తెరిచి కనబడుతున్నది ఫోను తెర ఒక్కటే. అందుచేత ఆ తెర వెనుక ఏమి జరుగుతున్నదన్నది మన హక్కుల ప్రశ్నే.

డ్రైవరు అడిగే ఆ రెండు ప్రశ్నల వెనుక లెక్క ఉన్నది. స్టేషన్ నుండి ఉక్కునగరం సుమారు ఇరవై కిలోమీటర్లు. రాత్రివేళ అక్కడి నుండి తిరుగు బేరం దొరకకపోతే ఆ ఇరవై కిలోమీటర్ల ఇంధనమూ డ్రైవరు జేబులోనిదే. ఆన్‌లైన్ చెల్లింపు కంపెనీ ఖాతా గుండా వస్తే అది ఎప్పుడు, ఎంత కోతతో చేతికందుతుందో అన్న బెంగ ఒకటి. ఇంధనం మాత్రం ఈ రాత్రే పోయించాలి. గమ్యమూ, చేతికి మిగిలే మొత్తమూ ముందుగా స్పష్టంగా చూపకుండానే అంగీకారం తీసుకునే పద్ధతిని మన ఫిఖ్హ్ పండితులు సరైన ఇజారాగా ఒప్పుకొని ఉండరు. పని ఏదో, కూలి ఎంతో ముందే తెలియాలన్నది ఆ ఒప్పందానికి తొలి షరతు.

ఈమధ్య కంపెనీలు దారి మార్చాయి. 2025లో ఊబర్ ఆటోలకు, ఓలా తన డ్రైవర్లకు కమీషన్ తీసివేసి, రుసుము కట్టే పద్ధతి తెచ్చాయి. ర్యాపిడో అంతకుముందే ఆటోలకు ఆ బాట పట్టింది. కమీషన్ లేదన్న మాట వినసొంపుగానే ఉంటుంది. కానీ కమీషన్ అయితే బేరం దొరికిన రోజునే కోత. రుసుము అయితే బేరం దొరకని రోజున కూడా కోత. నష్టభయం పూర్తిగా చక్రం పట్టినవాని మీదికి మారింది. పైగా ఛార్జీ గొడవ వస్తే, అది మీరిద్దరూ తేల్చుకోవలసినదని కంపెనీ పక్కకు తప్పుకొనే వీలు కూడా కలిగింది.

ప్రయాణికుని గోడు కల్పన కాదు. రద్దు రుసుములపై, ఫిర్యాదు వినే దిక్కు లేకపోవడంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 మే నెలలో ఓలా, ఊబర్ సంస్థలకు నోటీసులు ఇచ్చింది. వాపసు డబ్బును కూపను రూపంలోనే ఇవ్వకుండా, బ్యాంకు ఖాతాలో వేసే ఎంపిక కూడా ఇవ్వాలని 2024 అక్టోబరులో ఓలాను ఆదేశించింది. ప్రయాణం మొదలుకాక ముందే బక్షీసు అడుగుతున్న తీరుపై 2025 మేలో ఊబర్‌ను ప్రశ్నించింది. బక్షీసు ముందుగా అడిగి, ఇవ్వనివారిని రోడ్డు మీద నిలబెట్టడం ఏ నాగరికతో మాకు బోధపడదు.

ఇదంతా సరికొత్త వ్యాపారమని, దీనికి తగిన చట్టాలు ఇంకా పుట్టవలసి ఉన్నదని కంపెనీలు అంటాయి. తక్కిన ఊళ్లవారు నమ్మితే నమ్మవచ్చు. రేవు పట్టణంలో పుట్టినవారు నమ్మనక్కరలేదు. ఓడ వచ్చిన రోజున పని, రాని రోజున పస్తు అన్నది ఒకనాటి భారతీయ రేవులలో కూలీ బతుకు. పొద్దున్నే గేటు ముందు గుమిగూడినవారిలో ఎవరిని పిలవాలన్నది మేస్త్రీ ఇష్టం. మామూలు ముట్టజెప్పినవానికి, అయినవానికి, నోరెత్తనివానికి పిలుపు ముందు వచ్చేది. ఈ పద్ధతి పోవాలని 1931లోనే రాయల్ కమిషన్ సిఫారసు చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి యేడు, 1948లో, డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని కింద విశాఖ రేవుకు 1959లో ప్రత్యేక పథకం వచ్చింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది.

ఆ కాలపు డాక్ పథకాలలో ఏమున్నదో నేటి డ్రైవర్లు తెలుసుకోవాలి. కార్మికుని పేరు రిజిస్టరులోకి ఎక్కేది. పిలుపు వరుస ప్రకారం వచ్చేది. పనికి సిద్ధమై వచ్చి, పని దొరకని రోజున హాజరు భత్యం ఉండేది. నెలకు ఇన్ని రోజుల కూలి తప్పదన్న హామీ ఉండేది. పిలిచిన తర్వాత పని మొదలుకాక తిరిగి పంపితే, ఆ ఆశాభంగానికి కూడా ఒక పరిహారం ఉండేది! శిక్ష వేయాలంటే సంజాయిషీ అడగాలి, ఆ పైన అప్పీలు ఉండేది. తర్వాతి కాలంలో యంత్రాలు, కంటైనర్లు వచ్చాయి, బోర్డు పోర్టులో కలిసిపోయింది. అది వేరే కథ.

ఇప్పుడు యాప్‌ను ఈ పక్కన పెట్టి చూడండి. రిజిస్టరు ఉన్నది, అది కంపెనీ చేతిలో ఉన్నది. పిలుపు ఉన్నది, దాని వరుస ఏ సూత్రం ప్రకారమో డ్రైవరుకు తెలియదు. బీచ్ రోడ్డు పక్కన రెండు గంటలు ఆన్‌లైన్‌లో కాచుకొని కూర్చున్నందుకు ఏమీ లేదు. మూడు కిలోమీటర్లు వెళ్లిన తర్వాత రైడు రద్దయితే దక్కేది కంపెనీ దయ. ఐడీ ఒక ఉదయం పనిచేయకపోతే కారణం చెప్పే మనిషి దొరకడు. మేస్త్రీకైనా ముఖం ఉండేది, ఊరివాడు కనుక నలుగురి ముందు నిలదీయడానికి వీలుండేది.

డ్రైవరుకు మేము యజమానులం కాదన్నది కంపెనీల కంచుకోట వాదన. వింతేమిటంటే ఈ ప్రశ్న కూడా విశాఖ రేవు మీదనే ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కార్మికులకు యజమాని ఎవరని బోనస్ వివాదంలో తగువు వచ్చినప్పుడు, బోర్డు కాదు, కూలీలతో పని చేయించుకునే స్టీవెడోర్లేనని 1970లో కోర్టు తేల్చింది. కంపెనీ వకీలు దీనిని తనకు అనుకూలంగా చదవవచ్చు. మేము మరొక విధంగా చదువుతాము. బోర్డు యజమాని కాకపోయినా రిజిస్టరు, వరుస, హాజరు భత్యం, అప్పీలు ఆగలేదు. యజమాని ఎవరన్న తగువు తేలేదాకా కార్మికుని హక్కులను వాయిదా వేయనక్కరలేదని ఆ రేవే చూపించింది. పైగా బోర్డు లాభం కోసం పుట్టినది కాదు. లండన్‌లో యాసీన్ అస్లం, జేమ్స్ ఫారర్ అనే డ్రైవర్లు తెచ్చిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్లు కార్మికులేనని, యాప్ తెరిచి సిద్ధంగా ఉన్న సమయమంతా పనికాలమేనని తీర్పు చెప్పింది. ఇటువంటి రక్షణ కోసం మన యాప్ రవాణా కార్మికుల సమాఖ్య 2021లోనే సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

ఇక పేరు సంగతి. తెర మీద డ్రైవరు పేరు, ఫోటో కనబడతాయి. భద్రత కోసం అవి ఉండవలసిందే. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో ఒక వ్యక్తి, డ్రైవరు ముస్లిం అయినందున ఓలా క్యాబును రద్దు చేశానని ట్విట్టరులో చాటుకున్నాడు. తమది లౌకిక వేదిక అని కంపెనీ బదులిచ్చింది. 2022లో హైదరాబాదులో ఒకరు, ముస్లిం చేతితో భోజనం పంపవద్దని స్విగ్గీ ఆర్డరులో రాస్తే, తెలంగాణ గిగ్ వర్కర్ల సంఘ నేత షేక్ సలావుద్దీన్ కంపెనీ వైఖరి ఏమిటో చెప్పాలని బహిరంగంగా అడిగారు. చాటుకున్నవారు కనబడ్డారు. చాటుకోనివారి మాట ఏమిటి? పేరు చూసి వేలితో నొక్కి రద్దు చేసినవాని మనసులోని కారణం ఎక్కడా నమోదు కాదు. తక్కువ నక్షత్రాలు ఎందుకు ఇచ్చారో కూడా అంతే. ఆ రద్దులు, ఆ నక్షత్రాలు మాత్రం డ్రైవరు ఖాతాలోకి చేరతాయి. బురఖాలో నిలబడిన మన ఆడపడుచును దూరం నుండి చూసి వాహనం తిప్పుకొని పోయే ఉదంతాలూ మా చెవిన పడుతున్నాయి. (కోటవీధి సందుల్లోకి రానని మొండికేసే డ్రైవర్లలో మనవారు కూడా ఉన్నారు, అది ఇరుకు సమస్య.) లౌకికత మీద ప్రకటనలు మాకు చాలు. ఏ పేర్లవారి రైడ్లు ఎంత నిష్పత్తిలో రద్దవుతున్నాయో లెక్క తీసి, స్వతంత్ర సంస్థ ముందు పెట్టమంటున్నాము. ఆ లెక్క కంపెనీల సర్వర్లలో ఉన్నది.

ప్రభుత్వాల వైపు చూద్దాం. మహిళలకు ఉచిత బస్సు వచ్చిన తర్వాత ఆటోవారి గోడు విని, 2025 అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరిట ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చింది. ఇచ్చినది కాదనము. రోజుకు లెక్కిస్తే 41 రూపాయలు. ఆ డబ్బు ఖజానాది. కంపెనీల నుండి పైసా అడగలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం కార్మిక సంక్షేమానికి ఇవ్వాలంటుంది. కనీస వేతనం, పని గంటలు, ఐడీ నిలిపివేతపై విచారణ ఆ వాగ్దానంలో లేవు. కేంద్రం 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు సొంత వాహనపు డ్రైవరుకు ఛార్జీలో 80 శాతం, 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల జీవిత బీమా చెప్పాయి. అవే మార్గదర్శకాలు మూల ఛార్జీని సగం దాకా తగ్గించే వెసులుబాటు కూడా ఇచ్చాయి. డీజిల్ ధర సగానికి తగ్గే గంట ఏదైనా ఉన్నదేమో, రాసినవారినే అడగాలి.

మనలో మనకూ కొన్ని మాటలు ఉన్నాయి. యాప్ రాకముందు విశాఖ ఆటో స్టాండ్లు స్వర్గాలేమీ కావు. మీటరు వేసిన ఆటో దొరకడం అరుదు, రాత్రి వచ్చిన పరదేశికి చెప్పిన ధర చెప్పినంత. ప్రయాణికుడు యాప్ వైపు పరుగెత్తినందుకు ఆ పాపంలో వాటా స్టాండుదే. నాలుగు కార్లు కొని, రోజు అద్దెకు తిప్పించే మన పెద్దలూ ఉన్నారు. బేరం లేని రోజున కూడా అద్దె పూర్తిగా వసూలు చేసేవారు కంపెనీల దోపిడీ గురించి మసీదు వరండాలో ఉపన్యసిస్తే వినడం కష్టం. హైదరాబాదులో 2024 ఏప్రిల్‌లో గిట్టుబాటు కాని ధరలకు నిరసనగా డ్రైవర్లు ఏసీ ఆపివేసినప్పుడు, ఎండలో ఉడికింది ప్రయాణికుడు. డ్రైవర్ల కోపాన్ని మేము అర్థం చేసుకున్నాము, కానీ ఆ సెగ కంపెనీకి తగలలేదు.

రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల చట్టాలు చేశాయి. కేరళ కార్మిక శాఖ 2022 ఆగస్టులో సొంత యాప్‌నే నడిపి చూసింది. ఆంధ్రప్రదేశ్ చట్టంలో మేము కోరేవి రేవు నుండి తెచ్చుకున్నవే. నిరీక్షణకు హాజరు భత్యం. రద్దయిన రైడుకు పరిహారం, అది నేరుగా డ్రైవరుకు. తప్పు డ్రైవరుదైతే ప్రయాణికునికి. ఐడీ ఆపే ముందు తెలుగులో రాతపూర్వక కారణం, విశాఖలోనే విచారణ. మసీదు కమిటీలు జుమా రోజున ఒక బల్ల వేసి, ఐడీ ఆగిన డ్రైవర్ల పేర్లు, తేదీలు, వచ్చిన సందేశాలు నమోదు చేయడం ఈ వారం నుండే మొదలుపెట్టవచ్చు. అన్ని మతాల డ్రైవర్లనూ రానివ్వాలి. పక్క స్టాండులోని అప్పారావు ఐడీ ఆగినా బాధ ఒకటే.

భోగాపురం విమానాశ్రయం నగరానికి సుమారు నలభై అయిదు కిలోమీటర్లు. అక్కడి నుండి ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు ఎవరిది, పార్కింగు రుసుము ఎవరు కట్టాలి, స్టాండు ఎవరికి, మూల ఛార్జీ ఎంత అన్న నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర, పాత డాక్ బోర్డులో కార్మికులకు ఉన్నట్టే, డ్రైవర్లకు ఒక కుర్చీ, ప్రయాణికులకు ఒక కుర్చీ ఉండాలి. కంపెనీల కుర్చీలు ఎవరూ అడగకుండానే వేస్తారు.