బెల్జియం పాఠం – ఆదోని ప్రశ్న

ఉద్యోగ విరమణ తరువాత మేము ఆదోనిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు సాంఘిక శాస్త్రం చెబుతున్నాము. వారానికొకసారి ఎమ్మిగనూరు కూడా వెళ్లి వస్తాము. రుసుము లేదు. పిల్లలలో ఎక్కువమంది పత్తి మిల్లులలో, మగ్గాల మీద, చిన్న దుకాణాలలో పనిచేసే ముస్లిం కుటుంబాలవారు. మొన్న పరీక్షల ముందు ఒక బాలిక బెల్జియం పాఠం అప్పజెప్పింది. ఆ దేశంలో డచ్చి భాష మాట్లాడేవారు 59 శాతం, ఫ్రెంచి మాట్లాడేవారు 40 శాతం, జర్మన్ మాట్లాడేవారు 1 శాతం. రాజధాని బ్రస్సెల్స్‌లో మాత్రం ఫ్రెంచివారు 80, డచ్చివారు 20. ఒక్క అంకె తప్పలేదు. "శభాష్ బేటీ" అని మెచ్చుకొని, "మన తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు ఎప్పుడు, ఎన్ని వదలాలో ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగాము. కొంచెం ఆలోచించి "కలెక్టర్ గారా సార్?" అన్నది. పక్కనున్న బాలుడు "కాదు, ఎమ్మెల్యే" అన్నాడు.

పిల్లల తప్పు కాదిది. ఇప్పుడు మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే నడుస్తున్నది. అధికారాన్ని పంచుకోవడం గురించి ఒక పాఠం, సమాఖ్య విధానం గురించి మరొక పాఠం అందులో ఉన్నాయి. నిజానికి అవి మంచి పాఠాలే. విడివిడి రాష్ట్రాలు తమంతట తాము కలిసి ఏర్పడిన సమాఖ్యలు కొన్ని ఉన్నాయనీ, ఒక పెద్ద దేశమే తన అధికారాన్ని రాష్ట్రాలకు పంచి ఇచ్చిన సమాఖ్యలు మరికొన్ని ఉన్నాయనీ, అమెరికా మొదటి తరహాదనీ, భారతదేశం రెండవ తరహాదనీ పిల్లలకు తెలుస్తుంది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు పేర్లు నోటికి వస్తాయి. కానీ ఆ మూడు జాబితాలు తమ ఇంటి గడపలోకి ఎక్కడ అడుగుపెడుతున్నాయో చెప్పేవారు లేరు.

సమాఖ్య విధానం బోధించడానికి ఆదోని కంటే తగిన ఊరు ఎక్కడుంటుందో మాకు తెలియదు. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్నచోటనే ఉన్నది. దాని చుట్టూ రాష్ట్రాలే మారుతూ వచ్చాయి. 1953 సెప్టెంబరు 30 రాత్రి వరకు మన పెద్దలు మద్రాసు రాష్ట్రంలో, బళ్లారి జిల్లాలో ఉన్నారు. తెల్లవారితే ఆంధ్ర రాష్ట్రం. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన జిల్లా మైసూరుకు పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014లో రాష్ట్రం మళ్లీ విడిపోయింది. శాసనసభ ఆ బిల్లును తిరస్కరించినా, రాజ్యాంగం 3వ అధికరణం ఇచ్చిన అధికారంతో పార్లమెంటు విభజన చేసింది. భారత సమాఖ్యలో చివరి మాట ఎవరిదో పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. (ఆదోనిని జిల్లా చేయమని మన ఊరిలో వినిపించే కోరికకు మాత్రం ఢిల్లీతో పని లేదు, జిల్లాలు రాష్ట్రం చేతిలోనివి.)

ఇక కాలువ సంగతి. జలాశయం హోస్పేట దగ్గర, కర్ణాటకలో ఉన్నది. దిగువ కాలువ మన పొలాలకు చేరకముందు ఎంతో దూరం కర్ణాటక నేలమీదనే పారుతుంది. నీటి పంపకం తుంగభద్ర బోర్డు చూస్తుంది. అది రాష్ట్రం ఏర్పడిన 1953 నాటి ఏర్పాటు. వాటాలు బచావత్ ట్రిబ్యునల్ తేల్చినవి. నీరు రాష్ట్ర జాబితాలోని అంశమైనా, రెండు రాష్ట్రాల మధ్య పారే నది వివాదాన్ని 262వ అధికరణం కింద పార్లమెంటు చట్టమే పరిష్కరించాలి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు రైతులు కంటిమీద కునుకు లేకుండా గడిపారు. తాత్కాలిక గేటు అమర్చే పనిని ముందుండి నడిపినవారిలో తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడు గారు ఒకరు. కర్ణాటక నేలమీద, బోర్డు ఆధీనంలోని జలాశయంలో, మూడు రాష్ట్రాల పొలాల కోసం ఆ పని జరిగింది. మేము ఆ వారం పాఠం ఆపి, వార్తాపత్రిక ముందు పెట్టి ఇదే చెప్పాము. బెల్జియం కంటే ఎక్కువ శ్రద్ధగా విన్నారు.

ఇంతవరకు అందరి సంగతి. మన సముదాయానికి ఈ పాఠం ప్రత్యేకంగా ఎందుకు అవసరమో ఇప్పుడు చెబుతాము. మేము గుమాస్తాగా పనిచేసిన సంవత్సరాలలో మన వాళ్ల అర్జీలు ఎన్నో చూశాము. న్యాయమైన కోరిక, కష్టపడి రాయించుకున్న కాగితం, పది సంతకాలు. కానీ చేరినది తప్పుడు గుమ్మం. "ఇది ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు" అనే ఒక్క వాక్యంతో అది తిరిగి వచ్చేది. ఆ వాక్యాన్ని టైపు చేసిన చేతులు మావే కనుక ఆ బాధ మాకు తెలుసు. 2022 నవంబరులో 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్ర ప్రభుత్వం ఆపివేసింది. డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కూడా నిలిపివేస్తున్నట్టు పార్లమెంటులోనే ప్రకటించింది. మాకు తెలిసిన తల్లిదండ్రులు కొందరు మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి నిలదీశారు. అక్కడి సిబ్బంది ఏం చేయగలరు? ఆ ప్రశ్న మన పార్లమెంటు సభ్యుని ముందు ఉంచవలసినది. ఆవేశం తప్పు గుమ్మం దగ్గర ఖర్చయితే, సరైన గుమ్మం వెనుక ఉన్నవారు నిశ్చింతగా నిద్రపోతారు.

రిజర్వేషన్ల విషయం చూడండి. మన బీసీ-ఇ నాలుగు శాతం 2007 రాష్ట్ర చట్టం ద్వారా వచ్చినది. అంతకుముందు 2004లో, 2005లో చేసిన ప్రయత్నాలను హైకోర్టు కొట్టివేసింది. 2007 చట్టాన్ని కూడా 2010లో కొట్టివేసింది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే ఆ నాలుగు శాతం నేటికీ నిలిచి ఉన్నది. ఆదోని నుంచి సిరుగుప్ప ఎంత దూరం? ఆ ఊళ్లతో మనకు పెళ్లి సంబంధాలున్నాయి. అన్నయ్య పిల్లలు ఇక్కడ బీసీ-ఇ. అక్కడ అత్తవారింట ఉన్న చెల్లెలి పిల్లలు కర్ణాటక వారి 2బి. 2023 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ఆ 2బి నాలుగు శాతాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. సుప్రీంకోర్టుకు వెళ్లినందున అది అమలు కాలేదు. ఒకే తల్లి బిడ్డల పిల్లలు. సరిహద్దు గీత మాత్రం ఇద్దరి చదువులకు రెండు వేర్వేరు తలరాతలు రాస్తున్నది. సమాఖ్య అంటే ఏమిటో ఆ చెల్లెలిని అడిగితే చెబుతుంది, పుస్తకం చదవకపోయినా.

వెనుకబడిన తరగతులను గుర్తించే అధికారమే 2018లో వచ్చిన 102వ రాజ్యాంగ సవరణ వలన రాష్ట్రాల చేయి జారింది. 2021 మే 5న మరాఠా రిజర్వేషన్ల తీర్పులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. మూడు నెలలలో పార్లమెంటు 105వ సవరణ చేసి ఆ అధికారాన్ని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చింది. ఆ మూడు నెలలు మన ఊళ్లలో ఎవరికైనా నిద్ర చెడిందా అంటే మాకు అనుమానమే. ఇంకొక మాట. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి వర్గమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. రెండూ వేర్వేరు జాబితాలు. రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు చేసిన తరువాత ఈ సంగతి తెలిసి మా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్న యువకులున్నారు. పదో తరగతిలోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక్కడ ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. సమాఖ్య విధానం అల్పసంఖ్యాకులకు తానుగా రక్ష కాదు. భాష ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు తెలుగుకు ఒక రాష్ట్రం, కన్నడానికి ఒక రాష్ట్రం దొరికాయి. ఉర్దూకు? ఏ ఒక్క ప్రాంతంలోనూ గుంపుగా లేక దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్నవారికి భూమిని విభజించే సమాఖ్య ఏమిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఆ బెల్జియం పాఠంలోనే ఉన్నది. మన పిల్లలు శాతాలు బట్టీ పట్టి దానిని దాటిపోతున్నారు. 1970 నుంచి 1993 వరకు నాలుగుసార్లు రాజ్యాంగాన్ని సవరించుకున్న ఆ దేశంలో, కేంద్ర, ప్రాంతీయ ప్రభుత్వాలతో పాటు భాషా సముదాయాల ప్రభుత్వాలు కూడా ఏర్పడ్డాయి. ఒక భాష మాట్లాడేవారి చదువు, సంస్కృతి వాటి చేతిలో ఉంటాయి. బ్రస్సెల్స్‌లోని డచ్చివారు అక్కడ ఇరవై మందే అయినా, తమ బడులను తమ భాషా సముదాయమే నడుపుకొంటుంది.

మన దేశంలోనూ ఆ ఆలోచన రాకపోలేదు. రాష్ట్రాల పునర్విభజన సంఘానికి అధ్యక్షుడు జస్టిస్ ఫజల్ అలీ. 1955లో ఇచ్చిన నివేదికలో ఆ సంఘం భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను ప్రత్యేకంగా ప్రస్తావించింది. దాని ఫలితంగా 1956లో 7వ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు వచ్చాయి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని మొదటిది చెబుతున్నది. ప్రయత్నించాలి అన్నదే గాని ఇచ్చి తీరాలి అనలేదు. అయినా అవసరమైతే రాష్ట్రపతి ఆదేశాలివ్వవచ్చు. రెండవది ఒక ప్రత్యేక అధికారిని ఏర్పరచింది. అంతకుముందే, 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క కట్టింది: బడిలో 40 మంది, లేక తరగతిలో 10 మంది పిల్లలుంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుడిని ఇవ్వాలని. ఈ లెక్క మన మసీదు కమిటీలలో ఎంతమందికి తెలుసు? ఉర్దూ బడిలో ఉపాధ్యాయుని ఖాళీ సంవత్సరాల తరబడి ఉండిపోతే "పోస్టు భర్తీ చేయండి" అని వేడుకోవడం వేరు. 350ఎ పేరు చెప్పి, పిల్లల సంఖ్య జతపరచి అడగడం వేరు.

కెనడాలో 1982 హక్కుల పత్రం 23వ సెక్షను ఇంకొక మెట్టు ఎక్కింది. పిల్లల సంఖ్య సరిపోయినంత ఉన్నచోట అల్పసంఖ్యాక భాషలో చదువు అక్కడ హక్కు. ఆల్బర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్ నగరంలో ఫ్రెంచి తల్లిదండ్రులు కొందరు దీని మీద న్యాయస్థానానికి వెళ్లారు. 1990లో అక్కడి సుప్రీంకోర్టు, సంఖ్యను బట్టి బడి నిర్వహణలో కూడా ఆ తల్లిదండ్రులకు భాగం ఉండాలని తీర్పు ఇచ్చింది. వారేమీ గొప్ప నాయకులు కారు, బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులు. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. రెండూ రాష్ట్రం తన అధికారంతో ఇచ్చినవే. చట్టం వచ్చిన తరువాత మన కార్యాలయాలలో ఉర్దూ అర్జీ ఎన్నిసార్లు ఇచ్చి చూశాము? ఒకసారి కూడా ఇవ్వకుండా అమలు కావడం లేదని వాపోవడం మాకు నచ్చదు.

శ్రీలంక గురించి ఒక మాట. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం, అక్కడి నుంచి పెరిగిన తమిళుల పోరాటం పరీక్షలో అడుగుతారు. 1990 అక్టోబరులో ఉత్తర ప్రాంతంలోని ముస్లింలను, వారూ తమిళమే మాట్లాడేవారైనా, ఎల్‌టీటీఈ ఇళ్లు వదిలించి పంపివేసిన సంగతి పరీక్షలో రాదు. స్వపరిపాలన కోరే అల్పసంఖ్యాకులు తమ మధ్యనున్న ఇంకా చిన్న సముదాయాన్ని ఎలా చూస్తారు అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. రాష్ట్రాలకు ఎక్కువ అధికారం కావాలని మనమూ కోరుతాము. కాని ఆ అధికారం ఎవరి చేతికి, ఏ హద్దుతో అని కూడా అడుగుతాము.

ఎమ్మిగనూరు పిల్లలకు మేము చెప్పేది మరొక ఉదాహరణ. వస్త్రాల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతానికి పెంచాలన్న నిర్ణయం 2022 జనవరి 1 నుంచి అమలు కావలసి ఉన్నది. అనేక రాష్ట్రాలు అడ్డుచెప్పడంతో ముందురోజే, డిసెంబరు 31న, జీఎస్టీ మండలి దానిని వాయిదా వేసింది. ఆ మండలిలో కేంద్రం ఓటు బరువు మూడింట ఒక వంతు, రాష్ట్రాలది రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. కేంద్రం ఒక్కటే చేయలేదు, రాష్ట్రాలన్నీ కలిసినా కేంద్రాన్ని కాదని చేయలేవు. మగ్గం ఇంటి పిల్లవాడు ఈ లెక్కను బోర్డు మీద తానే వేసి చూపించాడు.

ఉపాధ్యాయ సోదరులకు మా విన్నపం ఒక్కటే. ఆ రెండు పాఠాలకు కేటాయించిన గంటలలో ఒక్క గంట ఊరికి ఇవ్వండి. కాలువ, పత్తి యార్డు, కుల ధ్రువపత్రం, ఉర్దూ బడి – ఒక్కొక్కటి ఏ జాబితాలోనిది, ఏ గుమ్మం దగ్గర అడగాలి అని పిల్లల చేతనే రాయించండి. విద్య 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారిందని కూడా చెప్పండి. మసీదు కమిటీలు కూడా నెలకొక ఆదివారం ఇటువంటి కూర్చోలు పెట్టవచ్చు; తల్లులు తప్పకుండా రావాలి, ఎందుకంటే ధ్రువపత్రాల కోసం సచివాలయాల చుట్టూ తిరుగుతున్నది ఎక్కువగా వారే.

బెల్జియం అప్పజెప్పిన ఆ బాలిక ఇప్పుడు తన వీధి ప్రాథమిక బడిలో ఉర్దూ మాతృభాషగా ఉన్న పిల్లల పేర్లు తరగతివారీగా రాస్తున్నది. రెండు తరగతులలో పది దాటింది. మిగిలిన లెక్క పూర్తికాగానే అర్జీ ముసాయిదా మేము రాస్తాము. టైపు మాత్రం తానే చేస్తానన్నది.