పాత వీణకు 16 మెట్లు చాలు
సంగీత కళాశాలలకు ఒక విజ్ఞప్తి

పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారికి తెలిసిన సంగతే. వేళ్ల పట్టు మార్చకుండా బొటనవేలి మీట నొక్కితే పలికేది పై షడ్జం కాదు, పై స్థాయి పంచమం. ఆ గొట్టం రెట్టింపుకు కాదు, మూడు రెట్లకు ఎగురుతుంది.

ఆ మూడు రెట్ల దూరాన్నే ఒక స్థాయి అనుకుంటే? 1970ల మొదట్లో జర్మన్ ఇంజనీరు హైన్జ్ బోలెన్ అలాగే అనుకుని, దాన్ని 13 మెట్లుగా విడగొట్టారు. ట్రాన్సిస్టర్‌కు ఆ పేరు పెట్టిన జాన్ పియర్స్ 1984లో సొంతంగా ఇదే లెక్కకు వచ్చారు. సమంగా పంచితే ఒక్కో మెట్టు 146 సెంట్లు. హార్మోనియం మెట్టు 100. దగ్గరి పంచమం గానీ, పై షడ్జం గానీ ఇందులో లేవు. టొరంటోలో స్టీఫెన్ ఫాక్స్ ఈ స్వరాలకు క్లారినెట్లే తయారుచేశారు.

ఇదంతా లెక్కల గారడీ అని కొట్టిపారేసేవారు ఒకసారి గ్రహభేదం గుర్తు చేసుకోవాలి. మోహనంలో షడ్జాన్ని జరిపితే మధ్యమావతి, హిందోళం పుట్టినట్టే, ఇక్కడా 13లో 9 స్వరాలు ఏరి, ఆధారం జరిపితే కొత్త రూపాలు వస్తాయి. లాంబ్డా అనే వరుసలో 0, 2, 3, 4, 6, 7, 9, 10, 12 మెట్లుంటాయి. పాశ్చాత్యుల 4:5:6 కార్డ్ స్థానంలో ఇక్కడ 3:5:7 నిలుస్తుంది. శంకరాభరణం స్వరాల్లో మేజర్ కార్డ్ 7 చోట్లకు 3 చోట్లే కుదురుతుంది. లాంబ్డాలో 3:5:7 మాత్రం 9కి 6 చోట్ల కుదురుతుంది.

చిక్కంతా ఈ సిరిలోనే ఉంది. అడుగడుగునా విశ్రాంతే అయితే పాట ఇల్లు చేరినట్టు చెవికి తెలిసేదెలా? దారి చూపేది 12వ మెట్టు: అది పై ఆధారానికి ఒక్క మెట్టు దూరంలో నిలిచి, నిషాదంలా లాగుతుంది. అదే 12ను ఆధారం చేసి చూడండి, కింది స్వరం రెండు మెట్లు దిగిపోతుంది, ఆ లాగుడు సడలుతుంది. హార్మనీ నేర్పే తరగతికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

అందుకే ప్రతి కళాశాలా మూలన పడ్డ వీణనొకదాన్ని తీసి, పాత మైనం కరిగించి కొత్త మేళం కట్టించాలి. 24 మెట్ల దండి మీద ఇవి 16 పడతాయి. 13వది సరిగ్గా పై స్థాయి పంచమం మీద కూర్చుంటుంది. తీగలో సరి అనుస్వరాలు బలంగా ఉంటాయి కాబట్టి వీణ మీద ఈ స్థాయి క్లారినెట్ మీదంత సహజంగా అనిపించదు, నిజమే. పక్కన కంప్యూటర్‌లో బేసి అనుస్వరాల నాదం పెట్టుకుంటే సరిపోతుంది. స్వరాలు మార్చడానికి స్కాలా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

శ్రుతి పాడవుతుందని భయపడే గురువులు ఈ తరగతిని మూడో ఏడాదికి పెట్టుకోవచ్చు. వీణను మాత్రం ఈ ఏడాదే దించండి.