ప్రధానోపాధ్యాయుని చూపు ఎటువైపు?

కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు సెల్‌ఫోనే తరగతి గది అయింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు అది ఎంతో మేలు చేసింది. అయితే టీవీ పాఠం చెప్పగలదు గాని, అర్థం కాక బిక్కమొహం వేసిన పిల్లవాణ్ణి చూడలేదు.

బడులు తెరిచాక కూడా తెర వెనక్కి పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ఉపాధ్యాయులు ఫోన్‌లో ముఖం చూపి హాజరు వేయాలనే నిబంధన వచ్చింది. సిగ్నల్ అందని ఊళ్ల మాటేమిటని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో పెట్టవలసి వచ్చింది.

వీటిలో మేలు లేదని మేము అనడం లేదు. బడికి రాని ఉపాధ్యాయుణ్ణి ప్రశ్నించాల్సిందే. మారుమూల పిల్లలకూ మంచి పాఠం అందాల్సిందే. కానీ ప్రధానోపాధ్యాయుని పని ఎలా మారుతోందో గమనించాలి. రెండు రోజులుగా రాని పిల్ల ఎవరు, ఎందుకు రాలేదు అని కనుక్కోవలసిన ఉదయపు గంట ఫొటోలు, వివరాలు ఎక్కించడానికే సరిపోతే ఆ పిల్లను అడిగేదెవరు? గైర్హాజరును యాప్ లెక్కిస్తుంది. తల్లి జబ్బుపడి ఇంటిపని మీద పడిందో, పెళ్లి మాటలు నడుస్తున్నాయో దానికి తెలియదు. ఆ కారణం సమయానికి తెలియకపోతే ఆ పిల్ల చదువు అక్కడే ఆగిపోవచ్చు.

సాంకేతికత గురువుకు తోడుగా ఉండాలే గాని, గురువు స్థానాన్ని తీసుకోకూడదని యునెస్కో 2023 నివేదిక కూడా హెచ్చరించింది.

ఇది ప్రభుత్వ బడులకే చెప్పే మాట కాదు. మన సంఘాలు నడిపే పాఠశాలల్లోనూ యాప్‌లు, వాట్సాప్ గ్రూపులు, సీసీ కెమెరాలు వచ్చాయి. కరస్పాండెంట్లకు, కమిటీ పెద్దలకు మా మనవి ఇది: కొత్త యాప్ కొనే ముందు అది ఉపాధ్యాయుని సమయాన్ని మిగులుస్తుందా, తింటుందా అని అడగండి. ఒకే వివరాన్ని నాలుగు చోట్ల నింపించకండి. ఆ పనికి గుమాస్తాను పెట్టండి. తల్లిదండ్రులారా, మార్కుల మెసేజ్ వచ్చింది కదా అని ఊరుకోక, నెలకొకసారైనా బడికి వెళ్లి టీచరుతో మాట్లాడండి. వచ్చే కమిటీ సమావేశంలో ఫలితాల శాతంతో పాటు, మానేసిన పిల్లల ఇళ్లకు ఎవరు వెళ్లారో కూడా అడగండి.