రసీదు రాసిచ్చిన పండితుడు

నాల్గవ శతాబ్దపు గ్రీకు బైబిలును సినాయి మఠంలో మంటపాలు కాకుండా కాపాడాడని టిషెండార్ఫ్ పండితుణ్ణి ఇంకా పొగుడుతున్నారు. చెత్తబుట్ట కథకు సాక్షి ఎవరు? ఆయనే! మఠంవారు ఒప్పుకోలేదు. 1844లో 43 తోలు ఆకులు పట్టుకెళ్ళి వాటికి సాక్సనీ రాజు పేరు పెట్టాడు. 1859లో జారు అండతో వచ్చి, అడిగితే తిరిగిస్తానని రసీదు రాసిచ్చి 300కు పైగా ఆకులు తీసుకుపోయాడు. దానపత్రం పుట్టింది 1869లో. పదేళ్ళకు పుట్టిన దానమన్నమాట!

ఆయన విద్వత్తును నేను కాదనను. 1862లో అచ్చువేశాడు, లోకం చదివింది. కాని అచ్చువేయడానికి అసలును ఉంచేసుకోవాలా?

జారును తిట్టి ఊరుకోవడం మనకు తేలిక. 1933లో సోవియట్ ప్రభుత్వం ఆ ఆకులనే 1,00,000 పౌన్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మింది. అది ప్రజల సొత్తేగదా, అమ్మితే తప్పేమిటని మిత్రులంటారు. సినాయి సన్యాసులు ఆ ప్రజల లెక్కలోకి రారా?