పట్టాలు వేసేటప్పుడే కవచ్ పెట్టండి

కోరుట్లలో ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేశాను. దూరదర్శన్ రోజుల్లో పెంకుటింటి మీదికెక్కి యాంటెన్నా తిప్పుతుంటే కింద ఇంటివాళ్లు "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడ్నే ఆపు!" అని అరిచేవాళ్లు. బెత్తెడు జరిగితే బొమ్మ పోయి చుక్కలొచ్చేవి. అందుకే రైలింజను మీది యాంటెన్నా గురించి రాయాలనిపించింది.

రైళ్లు గుద్దుకోకుండా ఆపే ఏర్పాటు కవచ్. స్లీపర్లకు బిగించిన ట్యాగులను ఇంజను అడుగునున్న రీడర్ చదువుతూ పోతుంది, బండి ఎక్కడుందో తెలుస్తుంది. స్టేషన్ టవర్ నుంచి సిగ్నల్ సంగతి ఇంజను కప్పు మీది యాంటెన్నాకు అందుతుంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే బ్రేకు దానంతటదే పడుతుంది. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య పరీక్షలో, ముందున్న ఇంజను ఇంకా 380 మీటర్లుండగానే వెనకది ఆగింది.

దక్షిణ మధ్య రైల్వేలో కవచ్ మొదట వచ్చిన 1,465 కిలోమీటర్లలో నిజామాబాద్ మీదుగా పోయే మెయిన్ లైను ఉంది. జగిత్యాల, కోరుట్ల మీదుగా పెద్దపల్లికి పోయే మా లైను లేదు. పీవీ హయాంలో శంకుస్థాపన జరిగితే 2017లో గానీ పూర్తికాని లైను ఇది. ఒకటే పట్టా, ఎదురుబొదురు బండ్లు. మా మేనల్లుడు లోకో పైలట్. "మెయిన్ లైన్ల ముందటి సిగ్నల్ క్యాబ్‌లనే కనవడ్తది మామా, పొగమంచుల గూడ ధైర్యముంటది" అంటాడు. ఆ ధైర్యం మా దారిలో నడిపేవాళ్లకు ఎందుకుండొద్దు? 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది. ఆ దారిలోనూ అప్పటికి కవచ్ లేదు. పరికరాలు దొరకవా అంటే, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మన హైదరాబాద్ కంపెనీలే.

ఇక సిరిసిల్ల. మనోహరాబాద్–కొత్తపల్లి లైనులో 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలొచ్చింది, సిరిసిల్ల వైపు పని సాగుతోంది. అక్కడ ట్యాగులు, టవర్లు పట్టాలతోపాటే పడాలి. బండ్లు తిరగడం మొదలయ్యాక వాటిని ఆపుకుంటూ, గంటో రెండు గంటలో దొరికిన సందులో బిగించాల్సి వస్తుంది. సున్నం వేసిన కొత్తింటి గోడలు పగలగొట్టి కేబుల్ లాగిన చేతులివి. ఆ ఇంటావిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది.