పిక్ సంగతి చిన్నది కాదు

"అన్నా, ఏ గిటార్ కొనాలె?" అని జూనియర్లు అడుగుతనే ఉంటరు. "ఏ పిక్ కొనాలె?" అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. గిటార్ కోసం నెల రోజులు రివ్యూలు చూస్తాం. పిక్ దగ్గరికి వచ్చేసరికి షాపాయన కవర్లో వేసిచ్చిందే వాడేస్తాం. తర్వాత పిక్ వేళ్లలోంచి జారిపోతే, తీగలు గరగరలాడితే, "మనకు సంగీతం రాదులే" అని గిటార్‌ని హాస్టల్ అల్మారా పైకి ఎక్కిస్తాం. చేతిని తప్పుపట్టే ముందు పిక్ మార్చి చూడాలన్నది నా వాదన.

ముందు మందం సంగతి. పిక్ మీద ఉండే 0.46, 0.73, 1.0 అనే అంకెలు మిల్లీమీటర్లు. చూడ్డానికి తేడా గోరంత కూడా ఉండదు. కానీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదివిన సూత్రం గుర్తు చేసుకోండి: పలక బిర్రుదనం దాని మందం ఘనంతో పెరుగుతుంది. అంటే ఒకే మెటీరియల్, ఒకే ఆకారం అయితే 0.46 కన్నా 0.73 పిక్ దాదాపు 4 రెట్లు బిర్రు.

సన్న పిక్ తీగ తగలగానే వంగుతుంది. ఆరు తీగల మీద చెయ్యి తేలిగ్గా జారుతుంది కాబట్టి సినిమా పాటకు కార్డ్స్ కొట్టడానికి హాయి. అదే పిక్‌తో ఒక్కో స్వరం విడిగా మీటాలంటే పట్టు దొరకదు. 1 మి.మీ. దాటినవి పెద్దగా వంగవు, చేతి బలం నేరుగా తీగకు పోతుంది. సోలోకు అవే బాగుంటాయి. కానీ కొత్త చెయ్యి వాటితో స్ట్రమ్ చేస్తే తీగకు తట్టుకొని ఆగిపోతుంది.

అంకె ఒక్కటే చూసినా సరిపోదు. అదే మందంలో నైలాన్ పిక్ సెల్యులాయిడ్ కన్నా మెత్తగా వంగుతుంది. సెల్యులాయిడ్ అంటే ఒకప్పుడు సినిమా రీళ్లు చేసిన పదార్థమే. డన్‌లప్ కంపెనీ 1981లో తెచ్చిన టార్టెక్స్ పిక్‌ల పైభాగం నున్నగా ఉండదు, చెమట చేతిలో కూడా నిలుస్తుంది. మన నిజామాబాద్ ఎండల్లో ఇది చిన్న విషయమా? వీటన్నిటికన్నా ముందు గొప్ప పిక్ అంటే హాక్స్‌బిల్ సముద్ర తాబేలు డిప్ప. 1970లలో సైటీస్ ఒప్పందం ఆ తాబేలు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. చేతికి బాగుంటే చాలు, దేంతో చేస్తే ఏంటి అనుకోకూడదని ఆ కథే చెప్తది.

ఇక చేతి స్పర్శ. మా ఆర్మూర్ దిక్కు పసుపు తెలిసినవాళ్లు పాలిష్ మెరుపు చూసి ఆగిపోరు. కొమ్ము విరిచి చూస్తరు. బాగా ఎండిన కొమ్ము లోహం మోగినట్టు టక్కున విరుగుతది. పిక్ కూడా అంతే, రంగును, బ్రాండును చూసి కాదు, తీగ మీద వినిపించేదాన్ని బట్టి ఎంచుకోవాలె.

"బాగా వాయించేటోడు దేంతోనైనా వాయిస్తడు" అని కొందరు సీనియర్లు అంటరు. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తాడని ఉదాహరణ కూడా చెప్తరు. నిజమే. కానీ ఆయన దొరికింది వాడలేదు, ఆ నాణెం గట్టిదనం, అంచు గరుకు కావాలనే దాన్ని ఎంచుకున్నాడు. మన దగ్గర వీణకు కొందరు గోళ్లు పెంచుతారు, కొందరు వేళ్లకు తీగ మీటు తొడుగుతారు. సరోద్‌ను కొబ్బరి చిప్పతో చేసిన జవాతో మీటుతారు. పెద్ద విద్వాంసులకే ఇంత పట్టింపు ఉంటే, నిన్న మొన్న మొదలుపెట్టిన మనకు ఎందుకుండొద్దు?

అందుకే మ్యూజిక్ రూమ్‌లో ఒక డబ్బా పెట్టాలని నా ప్రతిపాదన. అందులో 0.46 నుంచి 1.14 దాకా ఐదారు మందాలు, రెండు మూడు మెటీరియల్స్ ఉండాలి. క్యాంటీన్‌లో నలుగురి టిఫిన్ బిల్లుకు మించదు. అదీ కుదరకపోతే గడువు తీరిన ఏటీఎం కార్డు తీసుకోండి. దాని మందం 0.76 మి.మీ. కత్తిరించి, అంచు నున్నగా రుద్దితే మధ్యరకం పిక్ రెడీ. కొత్తగా చేరిన ప్రతి తమ్ముడూ, చెల్లే ఒకే పాటను అన్ని పిక్‌లతో వాయించి చూశాకే గిటార్ ఉంచుకోవాలో, ఓఎల్ఎక్స్‌లో పెట్టాలో తేల్చుకోవాలి.